మాట యను అమానతు: ఇస్లాము సంప్రదాయమున వాఙ్నీతియు, చిన్నబడియు

మన గ్రామ గ్రంథాలయము ఇరువదియైదు వత్సరములు నిండించుకొని రజతోత్సవము జరుపుకొనుచున్న ఈ శుభసమయమున, సంచికకు ఒక చరిత్రవ్యాసము వ్రాయుమని కార్యవర్గమువారు నన్ను కోరిరి. నేను పండితుడను గాను. గ్రామలెక్కల నడుమ జీవితము గడపుచు, తీరికవేళల భారత భాగవతములను, పిదప ఈ గ్రంథాలయపు బీరువాలలో దొరకిన చరిత్రగ్రంథములను నాకు నేనే చదువుకొన్నవాడను. కావున నా చేతిపనికి దగ్గఱగా నున్న విషయమునే యెన్నుకొంటిని.

లెక్కలు వ్రాయువాడు దినమున నూఱుమాఱులు పలుకు మాటలలో పెక్కు అరబ్బీ పారసీ భాషలనుండి వచ్చినవి. జమ, ఖర్చు, బాకీ, వసూలు, అసలు, నకలు, దస్తావేజు, హాజరు, కాగితము మొదలగునవన్నియు అట్టివే. మనము రోజూ తలచు రైతు అను మాటయు అట్టిదే. సుల్తానుల, నవాబుల కచేరీల ద్వారా ఇవి మన పల్లెలలో అడుగుపెట్టి, శతాబ్దముల కాలము మన నోళ్ళలో నాని, తెలుగు ప్రత్యయములను తొడుగుకొని తెలుగుమాటలే యైనవి. వీనిలో రెండు మాటలు నన్ను చాలకాలముగా ఆలోచింపజేయుచున్నవి. ఒకటి కబురు, రెండవది అమానతు. అరబ్బీలో ఖబర్ అనగా వార్త. మనము దానిని కబురు చేసికొని, బహువచనమున కబుర్లు అనునప్పటికి పొద్దుపుచ్చు ముచ్చట్లుగా మార్చితిమి. అమానత్ అనగా ఒకరు నమ్మి మనచేత నుంచిన సొత్తు. అది మనది కాదు. అడిగిననాడు తఱుగు లేక తిరిగి యొప్పగింపవలసినది.

ఈ రెండు మాటలను ప్రక్కప్రక్కన నుంచి చూచినచో ఇస్లాము నీతిశాస్త్రమందలి యొక ముఖ్యభావము బోధపడును. నోట పలుకు మాటయు అమానతే, బడికి వచ్చిన బిడ్డయు అమానతే. ఆ సంప్రదాయపు పెద్దలు ఈ రెంటిని వేఱుచేయలేదు. మఱియొక విశేష మేమనగా, వారి గ్రంథములలో శ్రేష్ఠమైనవి ఈ అమానతు భారమును బలహీనునిపై గాక బలవంతునిపై మోపినవి. బాకీదారు కంటె వ్రాయసగానిపై, శిష్యుని కంటె గురువుపై ఎక్కువ కట్టుబాట్లు విధించినవి. ఈ చిన్నవ్యాసమున నేను చూపదలచిన దిదియే.

వార్తను విచారించుట

అరబ్బుదేశము ఆ కాలమున నోటిమాటతో నడచిన దేశము. వ్రాత తెలిసినవారు బహు కొలదిమంది. ఒక కవి చెప్పిన నిందాపద్యము ఒక తెగ పరువును తీయగలిగెడిది. ఒక వట్టి పుకారు రెండు తెగల నడుమ కత్తులు దూయించెడిది. అట్టిచోట క్రీ.శ. 610 ప్రాంతమున మహమ్మదు ప్రవక్తకు మొట్టమొదట వినవచ్చిన ఆజ్ఞ చదువుమనునదియే యనియు, కలముచే మానవునకు తెలియనిది తెలిపిన దేవుని ప్రస్తావనము అందే యున్నదనియు ముస్లిములు విశ్వసింతురు.

ఖురానునందు 49వ అధ్యాయము చిన్నది. అందున్నవి 18 వాక్యములు మాత్రమే. గాని మాటల మర్యాద నంతటిని అందు కూర్చి పెట్టినారనవచ్చును. ప్రవక్త గొంతుకు మించి గొంతు పెంచరాదు. ఒక తెగవారు మఱియొక తెగవారిని ఎగతాళి చేయరాదు; ఎగతాళి పాలైనవారే మేలైనవారు కావచ్చును. ఎత్తిపొడుపు పేర్లు పెట్టి పిలువరాదు. అనవసరపు అనుమానములు, ఇతరుల గుట్టు వెదకుట, పరోక్షనింద తగవు. పరోక్షనింద చేయుట చనిపోయిన తోబుట్టువు మాంసము తినుటతో సమానమని అందు చెప్పిన పోలిక వినువారిని ఉలికిపడజేయును. వీనితోపాటు వార్తలను గూర్చిన యొక కట్టడి యున్నది. నమ్మదగనివాడు వార్త తెచ్చినచో ముందు విచారింపవలెను. లేనిచో తెలియక ఒక జనసమూహమునకు హాని చేసి పిదప పశ్చాత్తాపపడవలసి వచ్చును.

ఈ కట్టడి పుట్టిన సందర్భమును వ్యాఖ్యాతలు చెప్పియున్నారు. అది లెక్కలవానికి ప్రత్యేకముగా తగులునది. ప్రవక్త యొక వసూలుదారుని బనూ ముస్తలిక్ అను తెగవారి కడకు ధర్మాదాయము వసూలు చేయుటకై పంపెను. వారు ఎదురు వచ్చి స్వాగతము చెప్పుటకై గుంపుగా బయలుదేరిరి. ఆ గుంపును దూరమునుండి చూచి ఇతడు భయపడి వెనుదిరిగి వచ్చి, వారు పన్ను నిరాకరించి తన్ను చంపబోయిరని చెప్పెను. ఆ మాటను నమ్మి దండు కదలవలసినదే. ఇంతలో నిజము తెలిసి అనర్థము తప్పెను. పన్ను వసూలుదారు చెప్పిన ఒక్క అబద్ధము ఒక ఊరిని తగులబెట్టగలదని ఈ కథ తెలుపుచున్నది. రాజోద్యోగి మాట యగుటచేతనే అది విచారణకు అతీతము కాదని కూడ తెలుపుచున్నది.

17వ అధ్యాయమున మఱియొక మాట యున్నది. నీకు తెలియనిదాని వెంట పోవలదు. చెవి, కన్ను, మనస్సు మూడును సంజాయిషీ చెప్పుకొనవలసినవే యని దాని భావము. 24వ అధ్యాయమున స్త్రీల శీలముపై నిందమోపినవాడు నలువురు సాక్షులను తేలేనిచో ఎనుబది కొరడాదెబ్బలు తినవలెననియు, వాని సాక్ష్యము మఱెన్నడును చెల్లదనియు విధించిరి. ఆ శిక్ష నేటి మన చట్టములకు సరిపడునది కాదు. గాని అనుమానపుమాట విసరినవానిదే ఋజువు భారమన్న న్యాయము మాత్రము ఏ కాలమునకైనను వర్తించునది.

వ్రాయసగాని ధర్మము

ఖురానంతటిలో అన్నిటికంటె పొడవైన వాక్యము ఏ విషయమును గూర్చినదో యెఱిగినచో పాఠకులకు ఆశ్చర్యము కలుగును. అది అప్పుపత్రము వ్రాయుటను గూర్చినది. రెండవ అధ్యాయమున 282వ వాక్యము. గడువు గల అప్పు ఇచ్చిపుచ్చుకొనునప్పుడు పత్రము వ్రాయించుకొనవలెను. వ్రాయసగాడు ఇరుపక్షముల నడుమ న్యాయముగా వ్రాయవలెను. వ్రాత వచ్చినవాడు వ్రాయనని నిరాకరింపరాదు. అప్పు చిన్నది గదా యని వ్రాయుటకు విసుగుకొనరాదు. వ్రాసినవానికి గాని సాక్షికి గాని హాని కలిగింపరాదు.

వీని యన్నిటి నడుమ నన్ను నిలువరించిన దొకటి కలదు. పత్రములోని మాటలు ఎవరు చెప్పవలెను? ధనమిచ్చినవాడు కాదు, అప్పు తీసికొన్నవాడే చెప్పవలెనని విధి. వాడు అమాయకుడో, అశక్తుడో, చెప్పలేనివాడో యైనచో వాని పక్షమున సంరక్షకుడు న్యాయముగా చెప్పవలెను. లోకమున జరుగునది సాధారణముగా దీనికి విరుద్ధము. షావుకారు చెప్పును, వ్రాయసగాడు వ్రాయును, చదువురాని బాకీదారు వ్రేలిముద్ర వేయును. ఎవని మెడకు పత్రము చుట్టుకొనునో వాని నోటినుండియే పత్రము వెలువడవలెనన్న ఈ యేర్పాటులో ఎంత లోకానుభవ మున్నదో లెక్కల వృత్తిలో నున్నవారికి వేఱుగ చెప్పనక్కఱలేదు. వెనువెంటనే 283వ వాక్యమున ప్రయాణములో వ్రాయసగాడు దొరకనిచో తాకట్టుంచుకొనవచ్చుననియు, ఒకరినొకరు నమ్మినచో నమ్మబడినవాడు తన అమానతును చెల్లింపవలెననియు కలదు. మన కచేరీ మాట అక్కడ తన పుట్టినింట కనబడుచున్నది.

వార్తను విచారింపుమన్న విధియే తరువాతి శతాబ్దములలో ఒక గొప్ప శాస్త్రమునకు దారితీసెను. ప్రవక్త చెప్పెను, చేసెను అని లోకమున ప్రచారమందున్న మాటలను హదీసులందురు. కాలక్రమమున వీనిలో కల్పితములు చేరినవి. అప్పుడు పండితులు ప్రతి మాటకును ముందు దానిని చేరవేసినవారి పేర్ల వరుసను అడుగసాగిరి. నీకెవరు చెప్పిరి? ఆయనకెవరు చెప్పిరి? ఆయన ఈయనను కలిసికొన్నమాట నిజమా? పొలము నాదని వచ్చినవానిని మనము లింకు దస్తావేజులు అడుగుట వంటిదే యిది. నడుమ నొక దస్తావేజు లేనిచో హక్కు సందేహాస్పదమగునట్లు, నడుమ నొక పేరు తెగినచో ఆ మాట బలహీనమయ్యెను. ఎంతటి భక్తుడైనను జ్ఞాపకశక్తి చాలనివాని మాటను ప్రక్కకు పెట్టిరి. ఈ విద్యలో అగ్రగణ్యుడైన బుఖారీ మధ్యాసియాలోని బుఖారా నగరమున 810లో పుట్టి, 870లో సమర్ఖందు సమీపమున కాలధర్మము నొందెను. అదే 870లో ఇస్లాము ప్రపంచపు పడమటికొసన మఱియొక పండితుడు కన్నుమూసెను. తూర్పున బుఖారీ పెద్దల మాటలకు తూనిక యేర్పఱచినట్లు, పడమట ఇతడు పిల్లల బడికి తూనిక యేర్పఱచెను. ఇక ఆయన కథ.

ఖైరవాను బడి

చిన్నపిల్లల బడిని అరబ్బీలో కుత్తాబు అందురు. వ్రాయుట అను ధాతువునుండియే ఆ పేరు వచ్చినది. కితాబు అను మాటకును అదియే మూలము. 624లో బదరు యుద్ధమున మక్కావారు కొందఱు బందీలుగా చిక్కిరి. ధనమిచ్చి విడుదల పొందలేనివారిలో వ్రాత వచ్చినవారు ఒక్కొక్కరు మదీనా బాలురు పదిమందికి వ్రాత నేర్పినచో అదియే విమోచనధనముగా ఎంచబడెనని సంప్రదాయ చరిత్రకారులు వ్రాసిరి. శత్రువు చేతినుండియైనను చదువు పుచ్చుకొనవచ్చునన్న ఉదారభావము అందు కలదు.

ఆఫ్రికాఖండపు ఉత్తరభాగమున నేటి ట్యునీసియాలో ఖైరవాను అను నగరమున్నది. అరబ్బులు దానిని 670లో స్థాపించిరి. తొమ్మిదవ శతాబ్దమున అది ధర్మశాస్త్రమునకు పెట్టినకోట. అచటి న్యాయాధిపతి సహ్నూను (మరణము 854) మాలికీ ధర్మశాస్త్రమున మహాపండితుడు. ఆయన కుమారుడు మహమ్మదు బిన్ సహ్నూను. ఇతడే నేను పైన పేర్కొన్న పడమటి పండితుడు. ఉపాధ్యాయుల నడవడిని గూర్చి ఇతడు సంతరించిన చిన్నపుస్తకము ఇస్లాము లోకమున ఈ విషయముపై మనకు దక్కిన గ్రంథములలో మొదటిదిగా ఎంచబడుచున్నది. తండ్రి చెప్పిన తీర్పులే అందు పెక్కు కలవు.

ఆ బడి యెట్లుండెడిదో కొంత ఊహింపవచ్చును. పిల్లలు నేలపై కూర్చుండి కొయ్యపలకలపై రెల్లుకలముతో ఖురాను భాగములను వ్రాసికొందురు. కంఠస్థమైన పిదప పలక కడిగి మఱల వ్రాయుదురు. పవిత్రవాక్యములు గదా, కడిగిన నీరేమి చేయవలెను? పూర్వకాలమున ప్రతి బాలుడు వంతువంతున శుభ్రమైన నీరు తెచ్చెడివాడనియు, పలకలు కడిగిన నీటిని నేలలో గుంట త్రవ్వి పోసెడివారనియు, అది అందే యింకిపోయెడిదనియు ప్రవక్త అనుచరుడైన అనసు బిన్ మాలికు చెప్పినట్లు ఇబ్నుసహ్నూను వ్రాసెను. చెఱిపివేసిన అక్షరమును కూడ కాలికింద పడనీయని ఆ శ్రద్ధ మన పిల్లలు పుస్తకము కాలికి తగిలినచో కన్నుల కద్దుకొనుటను జ్ఞప్తికి తెచ్చుచున్నది.

ఇక ఉపాధ్యాయునకు విధించిన నియమములు వినుడు. బాలురకు మేలు కలుగుటకై దండింపవచ్చును గాని మూడు దెబ్బలు మించరాదు. మించవలసినచో తండ్రి అనుమతి కావలెను. తలపై గాని ముఖముపై గాని కొట్టరాదు. ఇంటినుండి పిలుపు వచ్చినప్పుడు బాలుని అన్నపానములకు అడ్డుపడరాదు. బాలురను తన స్వంతపనులకు త్రిప్పుకొనరాదు. ఒప్పుకొన్న జీతమునకు మించి కానుకలు కావలెనని వారిని నిర్బంధింపరాదు. దండనకు వాడు సాధనములను కూడ ఉపాధ్యాయుడు తన ఖర్చుతోనే సమకూర్చుకొనవలెను గాని వాని వెల పిల్లలనుండి రాబట్టరాదు. ఈ కడపటి నియమమును చదివినప్పుడు నవ్వును వచ్చును, బాధయు కలుగును.

అన్నిటికంటె ముఖ్యమైనది సమదృష్టి. ముగ్గురు పిల్లలను చేపట్టిన ఉపాధ్యాయుడైనను పేదవానిని ధనికునితో సమముగా, ధనికుని పేదవానితో సమముగా చూడనిచో, తీర్పునాడు వాడు ద్రోహుల వరుసలో లేచునని ప్రవక్త చెప్పినట్లుగా ఒక మాటను ఇబ్నుసహ్నూను తన గ్రంథమున చేర్చెను. ఇచ్చట ద్రోహి యనగా అమానతును తిన్నవాడు. బడిలో పేదపిల్లవానిని వెనుక కూర్చుండబెట్టుట మర్యాదలోపమని కాక, పరుల సొత్తు నపహరించుటగా ఆ పెద్దలు ఎంచిరని గ్రహింపవలెను.

దీనికి మూలము ఖురానులోనే కలదు. 80వ అధ్యాయమున నొక సంఘటన ప్రస్తావింపబడినది. ప్రవక్త మక్కాలోని ప్రముఖులతో మాటలాడుచుండగా అబ్దుల్లా బిన్ ఉమ్మెమక్తూము అను అంధుడు వచ్చి తనకు బోధింపుమని కోరెను. ప్రవక్త ముఖము చిట్లించి ప్రముఖుల వైపు తిరిగెను. నేర్చుకొనవలెనని పరుగెత్తివచ్చినవానిని వదలి, అక్కఱలేదనుకొనువానిపై శ్రద్ధ చూపితివేమని దైవవాక్యము ఆయననే మందలించెను. తరువాతి కాలమున ఆ అంధుడు మదీనాలో ప్రార్థనకు పిలుపునిచ్చువారిలో నొకడయ్యెను. ఇందు గమనింపదగిన దేమనగా, కుత్తాబులలో పిల్లలు సాధారణముగా ఖురాను చివరనున్న చిన్న అధ్యాయములనుండి కంఠపాఠము మొదలిడుదురు. ఈ మందలింపు గల అధ్యాయము ఆ చివరిభాగములోనిదే. విద్యార్థిని చిన్నచూపు చూడరాదన్న పాఠమును తమ ప్రవక్తకే వర్తించిన రూపమున, పిల్లలు చిన్ననాటనే నోటికి నేర్చుకొనుచున్నారన్నమాట.

నాలుకయు దండమును

కుమారుని బడికి పంపునప్పుడు సహ్నూను ఉపాధ్యాయునితో ఏమి చెప్పెనో గ్రంథములలో నిలిచియున్నది. వీనిని మెచ్చుకోలుతోను మృదువైన మాటతోను తప్ప తీర్చిదిద్దవలదు. కొట్టి తిట్టి దారికి తేదగినవాడు కాడు అని దాని తాత్పర్యము. మూడు దెబ్బలకు అనుమతించిన న్యాయాధిపతి తన బిడ్డ విషయమున ఒక్క దెబ్బకును ఒప్పుకొనలేదు. ఆ బిడ్డయే పెరిగి పెద్దవాడై ఉపాధ్యాయులకు నియమములు వ్రాసెను.

రెండువందల యేండ్ల పిదప తూర్పున గజాలీ (1058–1111) ఈ భావమును ఇంకను లోతుగా పరిశీలించెను. బగ్దాదు నిజామియా విద్యాలయమున పెద్ద ఆచార్యపదవిలో నుండి, 1095లో దానిని విడిచి వెడలిపోయిన మహనీయుడాయన. ఆయన మహాగ్రంథము ఇహ్యా ఉలూమిద్దీన్ నలువది భాగములు గలది. అందొక భాగమంతయు నాలుక వలన కలుగు కీడులను గూర్చినదే. అట్టి కీడులు ఇరువదియని ఆయన లెక్క. తనకు పనిలేని మాట మొదటిది. వాదులాట, తిట్టు, ఎగతాళి, ఇచ్చినమాట తప్పుట, అబద్ధము, చాడి, పరోక్షనింద ఇవన్నియు అందు చేరినవి. ముఖస్తుతిని కూడ ఆ పట్టికలోనే వ్రాసెను.

అదే గ్రంథమున మఱియొకచోట బాలశిక్షను గూర్చి చెప్పుచు, బిడ్డ తల్లిదండ్రుల చేతిలోని అమానతు అనియు, వాని హృదయము ఇంకను చెక్కని విలువగల మణి వంటిదనియు వ్రాసెను. పిల్లవాడు మంచిపని చేసినచో నలుగురిలో మెచ్చుకొనవలెను. మొదటిమాఱు తప్పు చేసినచో చూడనట్లుండవలెను; మఱల చేసినచో ఏకాంతమున మందలింపవలెను. మాటిమాటికి తిట్టరాదు, ఏలనన అలవాటైన తిట్టు చెవికి తగులును గాని మనసుకు తగులదు. బడి విడిచిన పిదప పిల్లలను ఆడుకొననీయవలెను. ఆట లేనిచో వారి హృదయము మోడువాఱి, చదువు తప్పించుకొను ఉపాయములు వెదకుదురు. ఇవి గజాలీ చెప్పిన మాటల సారాంశము. ఇరువది కీడులను నాలుకకు ఎంచిన పెద్దమనిషి బిడ్డయెదుట తన నాలుకనే ముందు అదుపులో పెట్టుకొమ్మని గురువునకును తండ్రికిని చెప్పుట గమనింపదగినది.

ఈ దారమును కడపట ముడివైచినవాడు ఇబ్నుఖల్దూను (1332–1406). ట్యునిసులో పుట్టిన ఈ చరిత్రకారుడు 1377లో తన చరిత్రకు సుప్రసిద్ధమైన పీఠికను వ్రాసెను. విద్యార్థులపై కాఠిన్యము హానికరమని అందొక ప్రత్యేకప్రకరణము కలదు. పైన చెప్పిన మూడు దెబ్బల హద్దును అందును ప్రస్తావించెను. గాని ఆయన అంతటితో నిలువక కారణమును విచారించెను. బలాత్కారముతో పెంచబడిన బాలునకు ఉత్సాహము నశించును, సోమరితనము వచ్చును. చేయి పైకి లేచునన్న భయముచే వాడు మనసున నొకటి యుంచుకొని పైకి మఱియొకటి చెప్ప నేర్చును. అబద్ధము, వంచన వానికి మొదట రక్షణసాధనములై, పిదప స్వభావములై పోవును. పీడింపబడిన జాతులకును ఇదియే గతి పట్టునని ఆయన చెప్పెను.

నా దృష్టిలో ఈ విషయమంతటికిని ఇదియే కీలకము. అబద్ధమాడకుమని బోధించుచు బెత్తమెత్తు ఉపాధ్యాయుడు ఒకచేత విత్తి మఱియొకచేత పెఱికివేయుచున్నాడు. సత్యము పలుకుట వినువాడు ఓర్పుతో వినునపుడే సాధ్యము. నన్నయభట్టారకుని శకుంతల నిండుకొలువులో సత్యమహిమను నిర్భయముగా చెప్పగలిగినది, ఆమె భయమెఱుగని ఆశ్రమమున పెరుగుటవలన గదా యని నాకు తోచును.

గుణదోషములు

చరిత్ర వ్రాయువాడు జమను మాత్రమే చూపి ఖర్చును దాచరాదు. నిషేధమున్నచోట ఆ తప్పు జరుగుచుండెననియు అర్థము. తలపై కొట్టరాదని వ్రాయవలసి వచ్చినదనగా కొట్టువారు ఉండిరన్నమాట. ఈ గ్రంథములు దండనను తగ్గించినవి గాని మాన్పలేదు. అరికాళ్ళను కట్టి కొట్టు పద్ధతి ఆ బడులలో చాలకాలము నిలిచెను. బాలికలను బాలురతో కలిపి చదివించుటకు ఇబ్నుసహ్నూను ఇష్టపడలేదు. కావున పేదకును ధనికునకును నడుమ పాటించిన సమత్వము అన్నచెల్లెండ్ర నడుమకు రాలేదు.

మన వీధిబడుల సంగతియు ఇంతకంటె మెఱుగైనది కాదు. మద్రాసు గవర్నరు సర్ తామస్ మన్రో 1822లో పాఠశాలల పరిస్థితిని విచారించి తెలుపుమని కలెక్టర్లను కోరెను. తెలుగు వ్యాకరణము వ్రాసిన ఏ. డి. కాంబెలు అప్పుడు బళ్ళారి కలెక్టరు. నేటి అనంతపురము ప్రాంతము నాడు ఆ జిల్లాలోనిదే. 1823లో ఆయన పంపిన నివేదికలో 533 విద్యాస్థానముల లెక్కయున్నది. అందు కన్నడబడులు 235, తెలుగుబడులు 226, మరాఠీబడులు 23, పారసీబడులు 21, అరవబడులు 4, ఇంగ్లీషుబడి 1. బ్రాహ్మణులు శాస్త్రములు చదువు స్థానములు 23. మొత్తము విద్యార్థులు 6,641 మంది; వారిలో ముస్లిములు 243 మంది, బాలికలు 60 మంది మాత్రమే. ఆ బాలికలందఱును హిందువులు.

ఆ నివేదికయందే మన పెద్దలు చెప్పుకొను శ్రీ–చుక్క ఆచారము వర్ణింపబడినది. ఉదయమున మొదట వచ్చిన బాలుని అరచేత సరస్వతి పేరు, రెండవవాని చేత సున్న. మూడవవానికి ఒక దెబ్బ, నాలుగవవానికి రెండు, ఇట్లు వరుసగా పెరుగును. చేతులు కట్టి పైకి వ్రేలాడదీయు శిక్షయు అందు కనబడును. దానినే మనవారు కోదండమనిరి. ఖైరవాను పండితుడు మూడింటివద్ద గీచిన గీత యెంత విలువైనదో ఈ లెక్కతో పోల్చిచూచినచో తెలియును. మూడు దెబ్బలను ఒక్కటియు లేకుండ చేయుటకు మానవజాతికి ఇంకను వేయిసంవత్సరములు పైగా పట్టినది. మనదేశమున 2009లో చేసిన విద్యాహక్కు చట్టము 17వ సెక్షనులో విద్యార్థిని శరీరముపై దండించుటను, మనసును వేధించుటను రెంటిని నిషేధించెను. ఆ రెండవ మాట గజాలీ చెవిని పడినచో ఆయన సంతోషించెడివాడు.

తెలుగువారికి ఈ గ్రంథములు అందనివి కావు. అనంతపురము దత్తమండల కళాశాలలో తెలుగు బోధించిన ఆచార్య చిలుకూరి నారాయణరావుగారు 1920 దశకముననే ఖురానును తెలుగున కనువదించి ప్రకటించిరి. ఒక బ్రాహ్మణపండితుడు పరమతగ్రంథమును భక్తితో చదివి, శ్రమించి, తన భాషవారికి అందించుట యొకరి అమానతును మఱియొకరికి చేర్చుటయే గదా! ఒకరినొకరు ఎఱుగుటకే మానవులు తెగలుగాను జాతులుగాను చేయబడిరని 49వ అధ్యాయము చెప్పుచున్నది. ఎఱుగుటకు సాధనము పుస్తకము, పుస్తకమునకు నిలయము గ్రంథాలయము.

నేడు కబురు కాలినడకన వచ్చుట లేదు. చేతిలోని ఫోనులో క్షణమున ఊరంతటను తిరుగుచున్నది. తెచ్చినవాడెవడో తెలియదు, వానికి చెప్పినదెవరో అంతకంటె తెలియదు. లింకు దస్తావేజు లేని పొలమును కొననివారము, లింకు లేని వార్తను మాత్రము మాఱుమాటాడక ఇరుగుపొరుగువారికి పంచుచున్నాము. దానివలన కలుగు కీడు ఏ మతమువారి వాకిటనైనను ఆగునది కాదు. నోరు మంచిదైన ఊరు మంచిదన్న మన సామెతకు ఇప్పుడు వ్రేళ్ళను కూడ చేర్చుకొనవలెను.

మన గ్రంథాలయమున సాయంకాలము వార్తాపత్రికల చుట్టు చేరు పెద్దలు ఒక వార్త వినగానే ఇది యెచ్చటిది, ఎవరు చూచిరి అని అడుగుట అలవాటు చేసికొనుదురుగాక. ప్రక్కబల్ల వద్ద కూర్చున్న పిల్లలు ఆ ప్రశ్నను విని నేర్చుకొందురు. ఏ యింటి బిడ్డ వచ్చినను ఒకే బల్ల, ఒకే దీపము, ఒకే పుస్తకము దొరకుగాక. తెలియదు అని చెప్పిన బిడ్డను చూచి ఎవరును నవ్వకుందురుగాక. ఆ మాట వాడు పలికిన నిజము.